నలభై ఉతుకులు

మంగళవారం నాడు ఫ్రేముల మాస్టారు గడ్డం గీసుకుంటాడు. మిగతా ఆరు రోజులూ ఆ గడ్డం ఎలా పెరిగినా అతనికి పట్టదు. టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసేవాడి మొహం ఎవరు చూస్తారు? వచ్చినవాళ్ళు రంగు చూస్తారు, ధర అడుగుతారు, పోతారు. కానీ మంగళవారం పదకొండు గంటలకి టైలరమ్మ వస్తుంది.

ఈ రహస్యం తెలిసిన మనిషి ఒక్కతే. మేడ మీద గదిలో ఉండే అక్క. ఆమె మెట్ల మీద నిలబడి తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "ఇవాళ మంగళవారమన్నమాట. ఈ ఇంట్లో క్యాలెండర్ దండగ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. యాభై ఒకటో ఏట కూడా అక్క చేత మాట పడే భాగ్యం ఎంతమందికి ఉంటుంది? మాస్టారు ఏమీ అనడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళి వయసులో ఇంటి బాధ్యతలు మోశాడు, అవి తీరేసరికి ఆ వయసు దాటిపోయింది. ఎందుకు చేసుకోలేదని ఇప్పుడెవరూ అడగడం లేదు కూడా.

అతని పని పాత పద్ధతి. చెక్క ఫ్రేముకి సన్నటి వలగుడ్డ బిగిస్తాడు. దాని మీద మందు పూసి, బొమ్మ ఉన్నచోట మాత్రమే రంగు దిగేలా చేస్తాడు. ఫ్రేమును బట్ట మీద ఆనించి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద బొమ్మ పడుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము. షాపు గోడల నిండా ఫ్రేములే, అటక మీద ఫ్రేములే, చివరికి స్నానాల గది తలుపు వెనక కూడా ఫ్రేములే. ఇరవై ఏడేళ్ళుగా కుడిచేత్తో లాగీ లాగీ అతని కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందికి దిగింది. అది అతనికి తెలియదు. తన భుజాన్ని తను ఎవరు చూసుకుంటారు?

టైలరమ్మ రెండు వీధుల అవతల ఒంటిగదిలో పిల్లల బట్టలు కుడుతుంది. భర్త ఎటో వెళ్ళిపోయి పదమూడేళ్ళు. ఆమె ఎదురుచూడటం మానేసి పన్నెండేళ్ళు. నాలుగేళ్ళ క్రితం ఒక మంగళవారం, కత్తిరించిన చొక్కాల ముందు ముక్కలు ముప్పై సంచిలో పెట్టుకుని ఈ షాపు మెట్లెక్కింది.

"వీటి మీద ఏదైనా బొమ్మ వేస్తారా? కుట్టకముందే వేస్తే సాపుగా పడుతుందని తెచ్చా" అంది.

పని తెలిసిన మనిషి మాట మాస్టారికి వెంటనే నచ్చింది. తనే పెన్సిలు తీసి గొడుగు పట్టుకున్న బాతుపిల్ల బొమ్మ గీశాడు. ముప్పై ముక్కలూ అచ్చు వేసి ఆరబెట్టాక చూస్తే, బాతుకి ఒక కాలికి మూడు వేళ్ళు, రెండో కాలికి నాలుగు. మాస్టారి మొహం మాడిపోయింది. మళ్ళీ వేసిస్తానన్నాడు. ఆమె ఒక ముక్కని వెలుతురుకి పెట్టి చూసి పకపకా నవ్వింది.

"ఉండనివ్వండి. నాలుగో వేలు చూసి ఇది మన బాతని గుర్తుపడతాను."

మన బాతు అంది. ఆ 'మన' దగ్గర మాస్టారు ఆగిపోయాడు, నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు.

అప్పటినుంచీ ప్రతి మంగళవారం ఆమె ముక్కలు తెస్తుంది. అచ్చు వేసినవి ఆరే దాకా కిటికీ పక్కనున్న రంగుమరకల స్టూలు మీద కూర్చుంటుంది. ఏదో ఒకటి మాట్లాడుతుంది. గుండీలు అమ్మేవాడి మోసం, పక్కింటి కుక్క, కొలతలిచ్చిన వారానికే రెండంగుళాలు పెరిగిపోయే పిల్లలు. మాస్టారు ఊ కొడతాడు. గంటన్నరలో రంగు ఆరుతుంది. ఆమె వెళ్ళిపోతుంది. ఎండాకాలంలో ముప్పావుగంటకే ఆరిపోతుందని మాస్టారికి ఎండాకాలం మీద కోపం.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం పోయిన ఏడాది జరిగింది.

పోయిన ఏడాది ఆమె ఒక పేరు అక్షరాలున్న ఫిల్ము తెచ్చింది. కొత్త పద్ధతి. బొమ్మని ముందే పలచటి ప్లాస్టిక్ ఫిల్ము మీద అచ్చువేసి, వెనక జిగురు పొడి పట్టించి అమ్ముతారు. దాన్ని బట్ట మీద పెట్టి వేడి ప్రెస్సుతో అదిమితే బొమ్మ బట్టకి అంటుకుంటుంది, పైన ఫిల్ము లాగేస్తే సరి. ఒక్క చొక్కా అయినా వేసుకోవచ్చు, ప్రతి చొక్కాకీ వేరే బొమ్మ వేసుకోవచ్చు, ప్రెస్సు ఒకటి ఉంటే ఎవరింట్లో వాళ్ళే వేసుకోవచ్చు.

"ఇది నిలుస్తుందా మాస్టారూ? మీరు నిలుస్తుందంటే ప్రెస్సు కొనుక్కుందామని ఉంది. ఓ బడివాళ్ళు పిల్లల పేర్లు వేసిమ్మంటున్నారు" అని అడిగింది.

ఎవరింట్లో వాళ్ళే. మాస్టారి చెవిలో ఆ ముక్క ఒక్కటే పడింది. షాపులో చిన్న ప్రెస్సు ఒకటుంది, పనికొస్తుందేమోనని కొని గుడ్డ కప్పి మూల పెట్టాడు. దాన్ని తీసి, వేడెక్కించి, ఆమె ఎదురుగానే ఫిల్ము అదిమాడు. ఆ రకం ఫిల్ము పూర్తిగా చల్లారాకే తీయాలి. అది అతనికి బాగా తెలుసు. తెలిసీ వేడి మీదే సర్రున లాగేశాడు. అక్షరం మూల ఫిల్ముతోపాటు పైకి లేచి వచ్చింది.

"చూశారా" అన్నాడు. ఆ గొంతు తనది కాదనిపించింది.

"నయం, మిమ్మల్ని అడిగా" అందామె.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో మాస్టారికి ఆ రోజు తెలిసింది. కోసింది తనే కాబట్టి ఇంకా బాగా తెలిసింది. చెబుదామనుకున్నాడు, వచ్చే మంగళవారం చెబుదామనుకున్నాడు. అలా ఏడాది అయింది. ఆమె వస్తూనే ఉంది.

ఈసారి వచ్చినప్పుడు ఆమె సంచిలో ముక్కలు లేవు. స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"పెద్ద ఆర్డరు మాస్టారూ. చంటిపిల్లల బడి. డెబ్భై రెండు చొక్కాలు, ఒక్కో చొక్కా మీద ఒక్కో పిల్ల పేరు. ఇలాంటివి ఇప్పటికి రెండు వదులుకున్నా. ఇదీ వదులుకుంటే ఇంక నన్నెవరూ పిలవరు. ఎవరో పాత ప్రెస్సు అమ్ముతున్నారు, కొనమంటారా? నాకు ఇందులో అడగడానికి మీరు తప్ప ఎవరూ లేరు. బాగా ఆలోచించి వచ్చే మంగళవారం చెప్పండి. మీరెలా చెబితే అలాగే."

ఫ్రేముతో ఆ పని కాదు. పేరుకో ఫ్రేము చొప్పున డెబ్భై రెండు ఫ్రేములు చేసి, ఒక్కో దానితో ఒక్కో చొక్కా వేసి, అన్నీ కడిగి పడేయాలి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అది తెలుసుకోవడానికి మాస్టారికి వారం అక్కర్లేదు, ఒక్క నిమిషం కూడా అక్కర్లేదు. అయినా సరేనన్నాడు.

అతనికొక పట్టుదల ఉంది. ఏ కొత్త రంగు వచ్చినా నలభైసార్లు ఉతికి చూస్తేగానీ ఒకరి బట్ట మీద వేయడు. ఆ సాయంత్రమే రెండు గుడ్డలు తీశాడు. ఒకదాని మీద తన ఫ్రేముతో బాతును వేశాడు. రెండోదాని మీద ఆమె తెచ్చినలాంటిదే ఒక ఫిల్ము కొనుక్కొచ్చి అదిమి, ఈసారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొగలు పోయాయి, వెచ్చదనం పోయింది. అరచేయి ఆనిస్తే గోడంత చల్లగా తగిలాక నెమ్మదిగా లాగాడు. అక్షరాలన్నీ బట్టనే పట్టుకుని ఉన్నాయి.

ఇక బకెట్టు మొదలయింది. రోజుకి ఆరేడుసార్లు సబ్బునీళ్ళలో ముంచి, పిండి, దండెం మీద ఆరేయడం, ఆరగానే మళ్ళీ ముంచడం. మంచి ఎండ కాబట్టి గంటలో ఆరిపోయేవి. ప్రతిసారీ ఫిల్ము గుడ్డని కళ్ళ దగ్గర పెట్టుకుని అక్షరాల మూలలు గోటితో గీకి చూసేవాడు. నిజం దాచడమెందుకు, ఊడాలనే చూసేవాడు. ఒక్క మూల లేస్తే చాలు, మనస్ఫూర్తిగా "వద్దు, ఇది నిలవదు" అని చెప్పొచ్చు. పాత అబద్ధం కూడా నిజమైపోతుంది. ఆమె వస్తూనే ఉంటుంది.

పది ఉతుకులయ్యాయి. ఇరవై అయ్యాయి. చేతిగోళ్ళు మెత్తబడ్డాయిగానీ అక్షరం కదల్లేదు. తన బాతు అందంగా వెలిసింది, రంగు నూలుపోగుల్లోకి ఇంకిపోయి గుడ్డతో కలిసిపోయింది. ఫిల్ము అక్షరం మాత్రం పైన అంటించినట్టే ఉంది, వేలికి తగులుతూనే ఉంది. బొమ్మంటే బట్టలో బతకాలిగానీ బట్ట మీద కూర్చోవడమేమిటని మాస్టారికి దాని మీద అసహ్యం. కానీ ఊడదు. దాన్ని అసహ్యించుకోవచ్చు, అబద్ధమాడటానికి లేదు.

అక్క మెట్ల మీద నుంచి మూడు రోజులు చూసింది. నాలుగో రోజు కిందికి దిగొచ్చింది.

"ఆ గుడ్డలకి జలుబు చేస్తుందిరా."

"పరీక్ష."

"గుడ్డకా, నీకా?"

మాస్టారు పిండుతున్నవాడు ఆగాడు. అంతా చెప్పేశాడు. వేడి మీద లాగిన సంగతి కూడా చెప్పాడు. అక్క నవ్వలేదు. బకెట్టు పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"చెబితే ఇంక రాదని భయమా?"

"రావాల్సిన పనేముంటుంది?"

"పని కోసమే వచ్చేదైతే పని అయిపోయాక పోనీ. అబద్ధం మీద కూర్చోబెట్టుకున్న మనిషి నీ ఎదురుగా ఉన్నట్టా, లేనట్టా? ఏడాదిగా ఆమె మొహం నువ్వు సరిగ్గా చూశావా అసలు?"

చూడలేదు. ఏడాదిగా ఆమె మాట్లాడుతుంటే మాస్టారు ఆమె సంచిని చూస్తున్నాడు, చెప్పుల్ని చూస్తున్నాడు. అక్క లేచి తడిచేయి చీరకి తుడుచుకుంది. "నీళ్ళలో బతికే బాతుకి గొడుగు పట్టించినవాడివి నువ్వు. నీ తెలివికి నేనేం చెప్పను" అని మెట్లెక్కింది.

సోమవారం సాయంత్రానికి నలభై ఉతుకులూ పూర్తయ్యాయి.

మంగళవారం ఆమె వచ్చింది. మాస్టారు రెండు గుడ్డలూ బల్ల మీద పరిచి, పక్కన నిలబడ్డాడు.

"నలభైసార్లు ఉతికాను. ఫిల్ము నిలిచింది. మీ పనికి ఇదే మంచిది. ప్రెస్సు తీసుకోండి."

ఆమె మొహం వెలిగింది. గుడ్డని తిప్పి తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఆగింది. "మరి పోయిన ఏడాది నా ముందే ఊడింది కదా?"

"ఊడలేదు. ఊడగొట్టాను." మాస్టారు మూలనున్న ప్రెస్సు వైపు చెయ్యి చూపించాడు. "చల్లారాక తీయాలి. నేను వేడి మీద తీశాను. తెలిసే తీశాను."

ఆమె చూపు గుడ్డ మీంచి అతని మీదికి మళ్ళింది.

"రెండు బడుల ఆర్డర్లు వదులుకున్నా మాస్టారూ. మీ మాట మీద."

"తెలుసు."

"ఎందుకు?"

నాలుగేళ్ళుగా పెదవి దాటని మాట అది. ఇలా దాటాల్సి వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. "ఆ ప్రెస్సు మీ ఇంట్లో ఉంటే మంగళవారం మీరు రానక్కర్లేదు. అందుకని" అన్నాడు.

ఈసారి అతను ఆమె మొహంలోకి చూశాడు. కోపం రావడం చూశాడు. దాని వెనకే ఇంకోటేదో వచ్చింది, దానికి పేరు తెలియలేదు. ఆమె గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది.

"మనిషిని రమ్మనడానికి నోరుంటుంది మాస్టారూ. దానికోసం పొట్ట కొట్టక్కర్లేదు" అంది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. స్టూలు వైపు చూడనైనా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు తన చిన్న ప్రెస్సు తుడిచి, ఆటోలో ఎక్కించి ఆమె గదికి పంపాడు. వేడి ఎంత పెట్టాలో, ఎన్ని సెకన్లు అదమాలో కాగితం మీద రాసి దానికి కట్టాడు. చివర 'పూర్తిగా చల్లారాక తీయండి' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నాడు.

ఆటో అతను తిరిగొచ్చాక మాస్టారు, "ఏమన్నా అందా?" అని అడిగాడు.

"అంది. బరువుగా ఉంది, మెల్లిగా దించమంది."

తర్వాతి మంగళవారం మాస్టారు గడ్డం గీసుకున్నాడు. ఆమె రాలేదు. ఆ తర్వాతి మంగళవారమూ గీసుకున్నాడు. పదకొండయింది, పన్నెండయింది. ఎవరో స్టూలు మీద కూర్చోబోతే "అది విరిగింది, కూర్చోకండి" అన్నాడు. విరగలేదు. మాస్టారు ఇంకో అబద్ధమాడాడు, ఇది ఎవరి పొట్టా కొట్టదు.

ఒక ఉదయం వీధిలో బడికి వెళ్తున్న పిల్ల ఎదురైంది. చొక్కా మీద పేరు, పేరు పక్కన చేపపిల్ల. మాస్టారు చటుక్కున వంగి అక్షరాల మూలలు చూశాడు. ఒక్క మూలా లేవలేదు. తొందరపడకుండా, చల్లారే దాకా ఓపిగ్గా ఆగి తీసిన చేయి అది. తనే నేర్పినట్టు గర్వం కలిగింది, ఆ వెనకే ఛాతీలో పెద్ద ఖాళీ తెలిసింది. ఆమె ఆ చేపపిల్లని ఎంచుకున్నప్పుడు ఏమనుకుందో, ఫిల్ము చల్లారేలోగా ఎవరితో కబుర్లు చెప్పిందో. పిల్ల తల్లి అనుమానంగా చూసి పిల్లని తన వైపు లాక్కుంది.

నాలుగో మంగళవారం ఆటో అతను ఒక పొట్లం తెచ్చిచ్చాడు. కాగితం ముక్క లేదు, కబురూ లేదు. విప్పితే టీషర్టు. మీగడ రంగు, పెద్దవాళ్ళ కొలత. గుండె మీద ఫిల్ముతో అంటించిన, గొడుగు పట్టుకున్న బాతుపిల్ల. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఒక కాలికి మూడు వేళ్ళు, రెండో కాలికి నాలుగు.

తలుపు దగ్గరికేసి తొడుక్కున్నాడు. ఏ చొక్కా కొన్నా కుడివైపు కుట్టు భుజం దిగి జారుతుంది, ఎడమవైపు మెడ మీదికి లాగుతుంది. తన రాత అంతేననుకునేవాడు. ఇది ఎటూ జారలేదు, ఎటూ లాగలేదు. విప్పి బల్ల మీద పరిచి టేపు పెట్టి చూశాడు. కుడి భుజం అరంగుళం కిందికి కుట్టి ఉంది.

దాన్ని దండెం మీద వేశాడు. మళ్ళీ తొడుక్కోలేదు, తడపలేదు. అక్క రెండు వారాలు ఓపిక పట్టింది. "నలభైసార్లు ఉతికితేగానీ ఏ రంగునీ నమ్మవు. దీన్ని ఒక్కసారి కూడా ముంచవేం?" అంది. మాస్టారు వినపడనట్టు రంగు కలుపుకున్నాడు.

ఆరో మంగళవారం పదకొండు గంటలకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

టైలరమ్మ చేతిలో సంచి లేదు. వట్టి చేతులతో ఆమెని అతను ఎప్పుడూ చూడలేదు. ఆమె షాపంతా ఓసారి చూసి, దండెం దగ్గర ఆగింది. టీషర్టు అంచు వేళ్ళతో పట్టి చూసింది. గుడ్డ తెలిసిన మనిషికి గుడ్డ అన్నీ చెప్పేస్తుంది.

"ఉతకలేదా?"

"లేదు."

"ఎన్ని రోజులైంది! ఏం, నిలుస్తుందని మీరే కదా చెప్పారు? నలభైసార్లు ఉతికి మరీ చెప్పారు. అదీ అబద్ధమేనా?"

"అబద్ధం కాదు." మాస్టారు చేతులకంటిన రంగు తుడుచుకుంటూనే ఉన్నాడు, అది పోయేది కాదు. "నిలుస్తుంది. నాకు తెలుసు. అయినా పోతే? ఇంకోటి లేదు కదా."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకున్నట్టు తెలుస్తూనే ఉంది. "నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ముందే చెబుతున్నా. కానీ బడివాళ్ళు మళ్ళీ ఆర్డరిచ్చారు. నలుగురికి చెప్పారు కూడా. కాబట్టి కొంచెం పోయింది."

మాస్టారు తలూపాడు. ఏదో ఒకటి అడగాలి, లేకపోతే ఆమె వెళ్ళిపోతుంది. "కొలత ఎప్పుడు తీశారు? నేనెప్పుడూ ఇవ్వలేదే. భుజం కూడా అంత సరిగ్గా..."

"నాలుగేళ్ళు ఎదురుగా కూర్చున్నా. కొలత వేరే తీయాలా?" అంది ఆమె. అని, కిటికీలోంచి బయటికి చూసింది. చెవుల దగ్గర ఎర్రబడింది.

మాస్టారు చేతులు తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పెట్టేశాడు. నాలుగేళ్ళు తనొక్కడే చూస్తున్నాననుకున్నాడు. ఆ చూసింది కూడా సరిగ్గా చూడలేదు. రమ్మనడానికి నోరుంటుందన్న మాట గుర్తొచ్చింది. నాలుక బరువుగా ఉంది, అయినా కదిపాడు.

"వచ్చే మంగళవారం రండి" అన్నాడు. "పని లేకపోయినా రండి."

"పని లేకపోవడమేంటి? ఈ చొక్కా పరీక్ష ఎవరు చూస్తారు? వారానికి ఒక్కసారే ఉతకాలి. రోజుకి ఆరేడుసార్లు బాదితే ఊరుకోను. ఉతికిన ప్రతిసారీ నేనొచ్చి మూలలు చూస్తా."

వారానికి ఒకటి చొప్పున నలభై వారాలు. మాస్టారు మనసులో లెక్క వేశాడు. తర్వాత సంగతి తర్వాత.

"మరి పోతే?" అన్నాడు.

"పోతే మళ్ళీ వేస్తా."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మాస్టారు లోపలికెళ్ళి బకెట్టులో నీళ్ళు పట్టుకొచ్చాడు. దండెం మీది టీషర్టు తీసి, బాతు లోపలికి వచ్చేలా తిరగేసి, ఒక్క క్షణం చేతుల్లోనే పట్టుకుని, నీళ్ళలోకి వదిలాడు.

"ఒకటి" అంది టైలరమ్మ.